తక్కెడలో కవులు

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు అన్నారు. ఆ మాటను కాదనే సాహసం మాకు లేదు. అయినా నవ్వు ఒక నగరానికి మంచి బుద్ధి చెప్పిన సందర్భం చరిత్రలో ఒకటి ఉన్నది. ఆ నవ్వు దాదాపు ఇరవైనాలుగు శతాబ్దాల తరువాత అమెరికా దేశంలో పాటల నాటకమై మళ్ళీ పుట్టింది. ఆ కథను మన విద్యార్థుల ముందు ఉంచడం, దాని నుండి మన కళాశాలకు దక్కవలసిన ఒక చిన్న మేలును కార్యవర్గంవారికి మనవి చేయడం ఈ వ్యాసానికి ఉద్దేశం.

క్రీస్తుకు పూర్వం 405వ సంవత్సరం. గ్రీకు దేశపు ఏథెన్సు నగరం స్పార్టాతో 26 ఏళ్లుగా పోరాడుతూ ఉన్నది. ఖజానా వట్టిపోయింది. ఆలయంలోని బంగారు ప్రతిమలను కరిగించి నాణేలు ముద్రించుకొనే దుస్థితి వచ్చింది. విషాద నాటక కర్తలలో అగ్రగణ్యులైన యూరిపిడీస్, సోఫోక్లీస్ ఇద్దరూ కొద్ది నెలల వ్యవధిలో కన్నుమూసినారు. అటువంటి కాలంలో, చలికాలపు నాటకోత్సవంలో, అరిస్టోఫనీస్ అనే కవి ‘కప్పలు’ అనే ప్రహసనాన్ని ప్రదర్శించి ప్రథమ బహుమతి గెలుచుకున్నాడు.

కథ చిన్నది. గ్రీకుల నాటకకళకు అధిదేవత డయొనీసస్. లోకంలో మంచి కవి మిగలలేదని ఆయనకు బెంగ పట్టుకుంటుంది. పాతాళానికి పోయి యూరిపిడీస్‌ను వెంట తెచ్చుకుంటానని బయలుదేరుతాడు. వెళ్ళడానికి గుండెధైర్యం చాలదు. కనుక అదివరకే ఆ లోకానికి పోయివచ్చిన మహావీరుడు హెరాక్లీజ్ వేషం కడతాడు. లోపల కుంకుమపువ్వు రంగు మెత్తని బట్ట, పైన సింహచర్మం! వెనుక మూటలు మోసే బానిస జాంథియస్. దారిలో ఒక సరస్సు. పడవవాడు ఖేరాన్ రేవుకూలి పుచ్చుకోవడమే గాక, ఆ దేవుని చేతనే తెడ్డు వేయిస్తాడు. బానిసను మాత్రం పడవ ఎక్కనివ్వడు. అంతకు ముందటి ఏడు జరిగిన నౌకాయుద్ధంలో పాల్గొన్న బానిసలకు నగరం స్వేచ్ఛ ఇచ్చింది. జాంథియస్ ఆ యుద్ధానికి పోలేదు గనుక సరస్సు చుట్టూ నడిచి రావలసిందే. నీళ్ళలో కప్పలు బృందగానం అందుకుంటాయి. చేతులు బొబ్బలెక్కిన దేవుడు కప్పలతో పోటీపడి అరుస్తాడు. అవతలి ఒడ్డున ఎవరైనా కొట్టవస్తే తన వేషం బానిసకు తగిలిస్తాడు. ఎవరైనా విందుకు పిలిస్తే మళ్ళీ లాక్కుంటాడు. చివరకు ఇద్దరిలో దేవుడెవరో తేల్చడానికి ఇద్దరికీ కొరడా దెబ్బలు పడతాయి.

పాతాళంలో మరొక రగడ. కవులలో అగ్రాసనం ఎవరిదన్న తగవు పాతకవి ఈస్కిలస్‌కూ కొత్తగా వచ్చిన యూరిపిడీస్‌కూ నడుమ రేగుతుంది. సోఫోక్లీస్ మర్యాదస్థుడు; పోటీకి దిగడు. తక్కెడ తెప్పించి, ఇద్దరి పాదాలనూ చెరొక పళ్ళెంలో పెట్టి, మన అంగళ్ళలో బియ్యం తూచినట్లు తూస్తారు. నదులూ రథాలూ శవాలూ నిండిన ఈస్కిలస్ మాటలు ప్రతిసారీ బరువు తూగుతాయి. చివరి ప్రశ్న కవిత్వాన్ని గురించి కాదు: ఈ నగరాన్ని గట్టెక్కించే ఆలోచన ఎవరి దగ్గర ఉన్నది? డయొనీసస్ యూరిపిడీస్ కోసమని పోయినవాడు, ఈస్కిలస్‌ను వెంటబెట్టుకొని వస్తాడు. వెదకబోయినవాడు వేరు, తెచ్చుకున్నవాడు వేరు. పాఠకులు ఈ మాటను జ్ఞాపకం ఉంచుకొనవలెనని మా కోరిక. ఈ వ్యాసానికి అదే ఆయువుపట్టు.

ఈ నాటకం నడిమిలో ఒక చోట కథ ఆగిపోతుంది. బృందం ప్రేక్షకుల వైపు తిరిగి, కవి తరఫున నగరానికి హితవు చెబుతుంది. గ్రీకు ప్రహసనాలలో దీనికి ‘పరాబసిస్’ అని పేరు. అరిస్టోఫనీస్ అక్కడ ఏమి కోరినాడు? ఆరేళ్లకు ముందు, 411లో, కొందరు కుట్రదారులు ప్రజాప్రభుత్వాన్ని కూలదోసినారు. వారి వెంట నడిచి తప్పు చేసిన పౌరులకు తరువాత పౌరహక్కులు పోయినాయి. ఒక్క యుద్ధంలో పాల్గొన్నందుకు బానిసలను పౌరులుగా చేసుకున్నాము, అది మంచిదే. తరతరాలుగా మనతో కలిసి పోరాడినవారిని ఒక్క తప్పటడుగుకు శాశ్వతంగా వెలివేయడం ఏమి న్యాయం, వారిని మళ్ళీ చేర్చుకోండి అని కోరినాడు. ఆ హితవు నచ్చి, నాటకాన్ని రెండవసారి ఆడించినారని ప్రాచీనులు చెప్పినారు. ఆ ఏడాదే, నౌకాబలం అంతా నాశనమైన తరువాత, హక్కులు పోయినవారికి వాటిని తిరిగి ఇస్తూ నగరం తీర్మానం చేసింది. నగరం మనసు మార్చుకున్నది, కాని ఆలస్యంగా మార్చుకున్నది. 404లో ఏథెన్సు లొంగిపోయింది.

ఈ ప్రహసనాన్ని 1974 మే నెలలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంవారు పాటల నాటకంగా ఆడినారు. మాటలు బర్ట్ షెవలవ్‌వి. పాటలూ సంగీతమూ స్టీఫెన్ సాండ్‌హైమ్‌వి. రంగస్థలం ఏమిటనుకున్నారు? విశ్వవిద్యాలయపు ఈతకొలను! పడవ నిజంగానే నీటి మీద సాగింది. ఈత జట్టులోని విద్యార్థులు కప్పలైనారు. బృందగాయకులలో ఉన్న విద్యార్థినులు మెరిల్ స్ట్రీప్, సిగోర్నీ వీవర్ తరువాత జగత్ప్రసిద్ధ నటీమణులైనారు. కొలను గోడల నడుమ ధ్వని మారుమ్రోగి పాటలోని మాటలు సరిగా వినిపించలేదట. అయినా ఒక విద్యాలయం తన ఆవరణలో ఉన్నదానినే రంగస్థలంగా మలచుకున్న ఆ చొరవను మెచ్చకుండా ఉండలేము.

ముప్పై ఏళ్ల తరువాత, 2004లో, నటుడు నాథన్ లేన్ ఆ నాటకాన్ని పెంచి వ్రాసినాడు. సాండ్‌హైమ్ కొత్త పాటలు కూర్చినాడు. సుసాన్ స్ట్రోమన్ దర్శకత్వంలో న్యూయార్కు నగరంలోని లింకన్ సెంటరులో జులైలో మొదలై అక్టోబరులో తెర దిగింది. డయొనీసస్ వేషం లేన్‌దే. 2001 సెప్టెంబరు దాడుల తరువాత తన దేశం నడుస్తున్న తీరు చూసి, ఈ నాటకానికి మళ్ళీ పని పడిందని ఆయన భావించినాడు. ఆ రూపంలో కప్పలు కేవలం గోల చేసే జంతువులు కావు. ఉన్నచోటు నుండి కదలరాదని, ఏదీ మారరాదని బోధించేవి. మన నూతిలోని కప్పకు అవి స్వయానా అక్కచెల్లెళ్ళు.

షెవలవ్ చేసిన పెద్ద మార్పు తక్కెడలో ఉన్నది. అతడు ఈస్కిలస్, యూరిపిడీస్‌లను తీసివేసి, షేక్స్‌పియరును, బెర్నార్డ్ షాను కూర్చోబెట్టినాడు. ఇక్కడ డయొనీసస్ షా కోసం పోతాడు. షా బుద్ధిబలంతో వాదిస్తాడు. మరణాన్ని గురించి చెప్పమన్నప్పుడు షేక్స్‌పియర్ తన ‘సింబలీన్’ నాటకంలోని పాట అందుకుంటాడు. సాండ్‌హైమ్ ఆ పాత మాటలకే కొత్త స్వరం కట్టినాడు. దానితో తక్కెడ మొగ్గుతుంది. ఇక్కడా వెదకబోయినవాడు వేరు, తెచ్చుకున్నవాడు వేరు.

మేము ఈ నాటకాన్ని చదివినాము, పాటల ధ్వనిముద్రణ విన్నాము. మా అభిప్రాయాన్ని నిర్మొహమాటంగా చెబుతాము. కవులను మార్చడం సరి అయిన పని. న్యూయార్కు ప్రేక్షకునికి ఈస్కిలస్ పద్యం బరువు ఏమి తెలుస్తుంది? నవ్వు ఎరువు తెచ్చుకొనే వస్తువు కాదు. విత్తనం తెచ్చుకున్నా మన నేలలోనే మొలవాలి. కాని పరాబసిస్ విషయంలో ఆధునికులు ఒక మెట్టు దిగినారని మాకు తోస్తుంది. ‘ఇది వట్టి నాటకమే’ అనే భావంతో ఒక పాట వ్రాసి, లోకం సంగతి ఇతరులు చూసుకుంటారులే అనే మన ఉదాసీనతను ఎత్తిపొడిచినారు. పాట చక్కనిదే. అయితే ఎత్తిపొడుపు అందరికీ తగులుతుంది గనుక ఎవరికీ నొప్పి కలగదు. అరిస్టోఫనీస్ ఒక ఊరిని, ఒక సభను ఉద్దేశించి, ఫలానా వారికి ఫలానా హక్కు తిరిగి ఇవ్వండి అని అడిగినాడు. సాధారణ హితవు చెప్పడం సులభం. పేరు పెట్టి అడగడానికి ధైర్యం కావాలి, విని చేయడానికి మరింత ధైర్యం కావాలి.

ఇదంతా మనకెందుకని కొందరు అడగవచ్చు. పాటల నాటకమనేది మన నెల్లూరు సీమకు పరాయి సరకు కాదు. యక్షగానం మొదలు పద్యనాటకం దాకా మనకు పాట లేని నాటకం ఉన్నదెక్కడ? పాశ్చాత్యులకు ‘సంగీత నాటకం’ అని వేరే పేరు కావలసివచ్చింది. మనకు నాటకమంటేనే సంగీతం. హార్మోనియం శ్రుతి వినిపిస్తేనే గదా ప్రేక్షకుడు సర్దుకొని కూర్చునేది!

1897లో అచ్చయిన వేదము వేంకటరాయ శాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయము’ మన నెల్లూరుతో ముడిపడిన నాటకం. ఆయన నాటకాలను నెల్లూరి ఆంధ్ర భాషాభిమాని సమాజంవారు ప్రదర్శించినారు. అందులో రాజు పోలికలున్న చాకలి పేరిగాడు రాజువేషంలోకి వస్తాడు. సింహచర్మం తగిలించుకున్న జాంథియస్‌కు అతడు సాక్షాత్తూ తోడబుట్టినవాడు. సేవకుని ఒంటిమీద ప్రభువు దుస్తులు పడగానే ప్రభుత్వం ఎంత, బట్ట ఎంత అన్న సందేహం ప్రేక్షకునికి కలుగుతుంది. ఆ సందేహమే ఈ రెండు చోట్లా నవ్వుకు మూలం. శాస్త్రిగారు చేసిన మరొక గొప్ప పని పాత్రోచిత భాష. పండితునికి పండితుని మాట, చాకలికి చాకలి మాట, తురకకు తురక తెలుగు. నాటకంలో అందరూ ఒకే గ్రాంథికం పలికే కాలంలో అది సాహసమే.

ఉర్దూ విభాగం విద్యార్థులు తమకు ఈ రంగస్థలంతో సంబంధం లేదనుకోరాదు. 1850 ప్రాంతాలలో లక్నోలో ఆగా హసన్ అమానత్ వ్రాసిన ‘ఇందర్ సభ’ ఆద్యంతం పాటలతో నిండిన నాటకం. ఆ ఒరవడిని పార్సీ నాటక సంఘాలు దేశమంతటా తీసుకుపోయినాయి. 1880లలో మన కోస్తాలోనే, మచిలీపట్నంలో, నాదెళ్ళ పురుషోత్తమకవిగారు తెలుగు నటుల కోసం హిందుస్తానీలో నాటకాలు రచించి తెలుగు లిపిలో వ్రాసి ఇచ్చినారు. పిఠాపురపు ఉమర్ అలీషాగారు ముస్లిం; తెలుగులో పద్యకావ్యాలే గాక నాటకాలు వ్రాసినారు, పారసీకం నుండి ఉమర్ ఖయ్యాము రుబాయీలను తెనిగించినారు. తెలుగువాడు హిందుస్తానీ నాటకం వ్రాసిన సీమ ఇది. ముస్లిం తెలుగు నాటకం వ్రాసిన సీమ ఇది. రెండు భాషల నడుమ గోడ ఉన్నదని ఎవరైనా అంటే, అది ఈ మధ్య కట్టినదే.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మేము డిగ్రీ చదివే రోజులలో తెలుగులో మాదే మొదటి మార్కు. కళాశాల నాటకానికి ఎంపికలు జరుగుతున్నవని తెలిసి, పద్యం బాగా కట్టుకొని వెళ్ళినాము. దర్శకత్వం వహిస్తున్న ఉపాధ్యాయులు పద్యం విననే లేదు. మా పేరు అడిగి, అత్తరు సాయిబు వేషం కాగితం చేతికిచ్చినారు. అందులోని ప్రతి వాక్యం తప్పుల తెలుగే. “సార్, ఈ మాటలు సరిగా పలకవచ్చునా అండి?” అని అడిగినాము. “సరిగా పలికితే నవ్వెట్లా వస్తుందయ్యా? మీవాళ్ళు మాట్లాడేది ఇట్లాగే గదా!” అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆ తరువాత మాకు పుస్తకాలు కొని ఇచ్చినవారు కూడా ఆయనే. మేము ఆ వేషం వేసినాము. సభ విరగబడి నవ్వింది. ముందు వరుసలో మా నాయన కూర్చుని ఉన్నారు. ఆయన నవ్వలేదు. మైపాడు రేవులో పల్లెవాళ్ళతో ముప్పై ఏళ్లు చేపల బేరం చేసిన మనిషి; నెల్లూరు తెలుగు ఆయన నోట పలికినంత సొంపుగా మా నోట నేటికీ పలకదు. ఇంటికి పోయే దారిలో, “వాళ్ళకు మన మాట ఇట్లా వినిపిస్తుందా బాబూ?” అని ఒక్కటే అడిగినారు.

అరిస్టోఫనీస్ కూడా ఈ తప్పుకు అతీతుడు కాడు. అతని ఇతర ప్రహసనాలలో సిథియా దేశపు కావలివాడు, పొరుగు ఊళ్ళ వర్తకులు తమ యాసతో, వచ్చీరాని గ్రీకుతో నవ్వులపాలవుతారు. పాత్రకు తగిన భాష ఉండవలసిందే. శాస్త్రిగారి సూత్రం సత్యం. కాని ఒక జాతినంతటినీ ఒకే యాసకు కట్టివేసినప్పుడు అది పాత్రోచితం కాదు, పేరును బట్టి చేసిన తీర్పు. ‘కప్పలు’ గొప్ప ఏమిటంటే, అందులో అందరికన్నా ఎక్కువ నవ్వులపాలయ్యేది ఆ నాటకకళకు అధిదేవతే. బరువు మోసేవాని కన్నా వాహనమెక్కినవాడే హాస్యాస్పదుడు. హాస్యం ఎక్కడి నుండి ఎక్కడికి ప్రవహిస్తున్నదో చూసుకోవడం నాటకం ఆడేవారి ధర్మం.

కార్యవర్గంలోని పెద్దలకు కొన్ని సంకోచాలున్నవని మాకు తెలుసు. విద్యాలయంలో ఆటపాటలు తగవని కొందరి అభిప్రాయం. వారి శ్రద్ధను మేము గౌరవిస్తాము. ఒక్క సంగతి మాత్రం మనవి చేస్తాము. బాగ్దాదు నగరంలో గ్రీకుల వైద్యం, గణితం, తర్కం అరబ్బీలోకి వచ్చినాయి. అరిస్టాటిల్ కావ్యశాస్త్రాన్ని కూడా పదవ శతాబ్దంలో అబూ బిష్ర్ మత్తా అనువదించినాడు. నాటకాలు మాత్రం రాలేదు. పన్నెండవ శతాబ్దంలో కార్డోవాకు చెందిన ఇబ్న్ రుష్ద్, లోకమంతా అరిస్టాటిల్ వ్యాఖ్యాతగా మన్నించిన మహామేధావి, ఆ గ్రంథానికి వ్యాఖ్య వ్రాస్తూ విషాద నాటకమంటే స్తుతికవిత్వమనీ, ప్రహసనమంటే నిందాకవిత్వమనీ అర్థం చెప్పినాడు. ఆయన బుద్ధికి కొరత ఏమున్నది? రంగస్థలం ఆయన కళ్ళ ముందు లేకపోయింది, అంతే. చూడనిదానిని ఎంతటివారైనా పుస్తకంతో పూరించలేరు. సినిమా పాట యంత్రంలో పెట్టి, దానికి పెదవులు కదిలించే కార్యక్రమాలకు మనం ఏటా అనుమతి ఇస్తూనే ఉన్నాము. నాలుగు మంచి మాటలు సొంత గొంతుతో పలికే నాటకానికి అనుమతి ఇవ్వడం అంతకన్నా దోషమా?

అందుచేత మా ప్రతిపాదన ఇది. వచ్చే వార్షికోత్సవానికి మన విద్యార్థులు ‘కప్పల’ను తమదిగా చేసుకొని, రెండు భాషలలో కలిపి ఆడాలి. దేవతలూ పాతాళమూ మనకు అక్కరలేదు. మంచి మాట కరవై దిగులుపడ్డ ఒక నాటక సమాజం పెద్ద, అతని పెట్టె మోసే కుర్రవాడు చాలు. సరస్సు బదులు మన బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు మద్రాసుకు ధాన్యం, ఉప్పు, కట్టెలు మోసిన పడవలు ఆ కాలువలోనే నడిచినాయి. ఖేరాన్ ఆ పడవ సరంగు. రెండు నీలి చీరలు అటూ ఇటూ పట్టుకుంటే కాలువ తయారు. ఈతకొలను మనకు లేదు, దానికి విచారమూ లేదు. ఏటా మొహర్రం మాసంలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో, ఏ మతమని అడగకుండా వేలమంది నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకొనే ఊరు మనది. నీళ్ళలో నిలబడి కలిసి ఉండడం మనకు ఒకరు నేర్పవలసినది కాదు.

తక్కెడలో ఎవరిని పెట్టాలి? ఇక్కడ జాగ్రత్త అవసరం. తిక్కనను ఒక వైపు, గాలిబ్‌ను ఒక వైపు పెడదామని ఒక విద్యార్థి మాతో అన్నాడు. అది పొరపాటు. అప్పుడు తూగేది కవులు కాదు, భాషలు. సభ రెండు ముక్కలవుతుంది. గ్రీకు నాటకంలో పోటీపడినవారు ఒకే ఊరివారు, ఒకే భాషవారు. షేక్స్‌పియరూ షా కూడా ఒకే భాషలో వ్రాసినవారు. కనుక మనం ఒక్కొక్క పళ్ళెంలో ఇద్దరిద్దరిని కూర్చోబెడదాము. ఒకవైపు తిక్కన, గాలిబ్: మాటను లోతుగా దించి, మనిషి గుండెలోని మెలికలు చూపినవారు. మరొకవైపు వేమన, నజీర్ అక్బరాబాదీ: బజారులో నిలబడి, అందరికీ అర్థమయ్యే మాటలో, రొట్టెను గురించీ మనిషిని గురించీ చెప్పినవారు. అప్పుడు ప్రశ్న మారుతుంది. ఏ భాష గొప్పది అని కాక, ఈ రోజున మనకు ఏ రకపు కవి కావాలి అని అడుగుతాము. ప్రతి పళ్ళెంలోనూ తెలుగూ ఉర్దూ భుజం భుజం కలిపి కూర్చుంటాయి. మనుమసిద్ధి కొలువులో ఉండి, ఈ నెల్లూరులోనే మహాభారతంలో 15 పర్వాలు తెనిగించిన తిక్కన సోమయాజి బిరుదు ‘ఉభయకవిమిత్రుడు’ గదా! ఆ బిరుదుకు నేటి అర్థం చెప్పే భాగ్యం మన కళాశాలకు దక్కనివ్వండి.

మా మొగ్గు ఎటు అని అడుగుతారేమో. తెలుగు ఉపన్యాసకులుగా మేము తిక్కన కోసమే బయలుదేరుతాము. వేమననూ నజీర్‌నూ వెంటబెట్టుకొని తిరిగివస్తామేమో, ఇప్పుడే చెప్పలేము. మనసు మారే అవకాశం లేనివాడు తక్కెడ దగ్గరకు పోవడం దండుగ.

ఇంత వ్రాసి పరాబసిస్ వదలివేస్తే, మేము న్యూయార్కువారిని ఆక్షేపించిన మాట మాకే తగులుతుంది. కనుక కథ ఆపి, కార్యవర్గం వైపు తిరుగుతున్నాము.

గత వార్షికోత్సవంలో మొదట తెలుగు ప్రార్థనాగీతమా, ఉర్దూ తరానానా అన్న తగవు వచ్చింది. కేకలు పెరిగినాయి. తెర లాగివేసినారు, రెండు కుర్చీలు విరిగినాయి. ముగ్గురితో విచారణ సంఘం వేసినారు. రెండు విభాగాల నుండి ఇద్దరిద్దరు చొప్పున నలుగురు విద్యార్థులను రెండేళ్లపాటు సాంస్కృతిక కార్యక్రమాల నుండి బహిష్కరించినారు. ఆ ముగ్గురిలో మేము ఒకరం. ఆ కాగితం మీద మా సంతకం ఉన్నది. ఆనాడు అది న్యాయమనే అనుకున్నాము. ఇద్దరిద్దరు అన్న లెక్క సమంగా ఉన్నందున తూకం సరిపోయిందని కూడా అనుకున్నాము. కాని ఆ నలుగురూ మన కళాశాలలో మంచి గొంతు ఉన్నవారు. ఈ సంవత్సరం నాటకం లేకుండానే ఉత్సవం జరిగింది. ఉర్దూ కార్యక్రమం ఉదయం, తెలుగు కార్యక్రమం సాయంత్రం. ఉదయం వచ్చినవారు సాయంత్రం రాలేదు. తగవు రాలేదు, నిజమే. తగవు పడడానికైనా ఇద్దరూ ఒక చోట ఉండాలి గదా!

ఆ నలుగురూ ఇప్పుడు వేరు వేరుగా కాదు, కలిసి తిరుగుతున్నారు. వేప చెట్టు కింద కూర్చుని ఒకరి పాట ఒకరు నేర్చుకుంటున్నారు. మేము చూసినాము. మేము శిక్ష వేసి చేయలేని పని, బయట ఉండి వారే చేసుకున్నారు. రెండవ ఏడు గడిచేసరికి వారు కళాశాల వదలి పోతారు. అప్పుడు నిషేధం తీసినా తీయకున్నా ఒక్కటే. ఏథెన్సువారు తీర్మానం చేసినారు, ఓడలన్నీ పోయిన తరువాత.

కార్యవర్గంవారికి మా మనవి ఒక్కటే. ఆ నిషేధాన్ని ఈ సెలవులలోగా రద్దు చేయండి. ఆ నలుగురినే కప్పల బృందానికి నాయకులుగా పెట్టండి. వచ్చే వార్షికోత్సవం ఒకే సభగా జరగనివ్వండి. మా సంతకాన్ని మేము వెనక్కు తీసుకుంటున్నాము. అది తప్పని వ్రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము. సంతకం మార్చుకోవడం అధికారానికి అవమానమని ఎవరైనా అంటే, పాతాళం దాకా పోయి మనసు మార్చుకొని వచ్చిన ఆ గ్రీకు దేవతను చూపండి.

విద్యార్థులారా! మా మాట నెరవేరితే పద్యం ఒకటి, గజలు ఒకటి చొప్పున ఇప్పటినుండే కట్టుకోండి. హార్మోనియం మేము సరిచేయిస్తాము. అత్తరు సాయిబు వేషం మాత్రం ఈసారి ఎవరికీ ఇవ్వము. ఆ వేషం ఉండి తీరవలసిందేనంటే, మంచి నెల్లూరు తెలుగులో దానికి మాటలు వ్రాసి మేమే వేస్తాము. ముందు వరుసలో మా నాయనను కూర్చోబెడతాము.